కంచాల దగ్గర పంచాయితీలు: కుటుంబ కౌన్సెలింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం గుంటూరు, విజయవాడ పాఠకులవే. వాటిలో నాలుగింటిని ఎంచుకున్నాను. మూడు తిండి గురించినవి, ఒకటి కౌన్సెలింగ్‌కు వెళ్ళడానికి జంకుతున్నవారిది. ఏం తినాలో తెలియక రాసినవారు ఒక్కరూ లేరు. తెలిసిన సంగతి ఇంట్లో ఎందుకు అమలు కావడం లేదన్నదే ఎక్కువమంది బాధ.

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. మావారికి 47 ఏళ్ళు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడుపుతారు. నాలుగేళ్ళుగా షుగరు ఉంది. కిందటి నెల పరీక్షలో మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 8.9 వచ్చింది. డాక్టరు గారు ఇచ్చిన ఆహార పట్టికను ఫ్రిజ్ తలుపుకు అంటించి, ఆయనకు విడిగా జొన్నరొట్టె, కూర చేసి డబ్బా పంపిస్తున్నాను. ఆ డబ్బాను గుమస్తాకు ఇచ్చేసి ఆయన బయట తింటున్నారని ఈమధ్యే తెలిసింది. సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఆగి మరీ వస్తారు. రాత్రి మా అత్తగారు ‘కష్టపడే మగాడు కడుపు మాడ్చుకుంటే ఎలా’ అంటూ ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయతో మారు వడ్డిస్తారు. నేను అడ్డుపడితే గొడవ. ఆయన కంచం ముందు నుంచి లేచిపోతారు. మా అబ్బాయి తన కంచం తీసుకుని టీవీ గదిలోకి వెళ్ళిపోతాడు. నేను బడిలో టీచర్‌ను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రెండు రకాల వంట చేస్తున్నాను. తలనొప్పి పట్టుకుంది, నిద్ర పోయింది. డాక్టరు గారు కుటుంబ కౌన్సెలింగ్‌కు వెళ్ళమన్నారు. షుగరుకూ కౌన్సెలింగుకూ సంబంధం ఏమిటండీ?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘విడిగా’ అన్నది. మన ఇళ్ళలో జబ్బు వచ్చిన వారికి పథ్యం పెట్టడం తరతరాల అలవాటు. జ్వరమో, పురుడో అయితే ఆ పథ్యానికి ఒక గడువు ఉండేది, అది తీరాక అందరితో పాటు పంక్తిలో కూర్చునేవారు. షుగరుకు ఆ గడువు లేదు. అందరూ గోంగూర పచ్చడి కలుపుకుంటుండగా తన కంచంలో మాత్రం రెండు రొట్టెలు పడితే, అది ఎంత ప్రేమతో చేసినదైనా ఆయనకు శిక్షలాగే తోస్తుంది. గుమస్తాకు డబ్బా ఇచ్చేయడం తప్పే అయినా, ఆ తప్పు వెనుక ఉన్న చిన్నబుచ్చుకోవడాన్ని మీరు గమనించాలి.

గొడవ జరిగిన పూట ఒంట్లో ఏం జరుగుతుందో కూడా తెలుసుకోండి. కోపం, భయం, అవమానం కలిగినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఎక్కువగా విడుదలై, కాలేయంలో నిల్వ ఉన్న గ్లూకోజును రక్తంలోకి రప్పించి, ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. కాబట్టి ఒక్క మెతుకు ముట్టకుండా లేచిపోయిన రాత్రి కూడా షుగరు పెరగవచ్చు. మరోపక్క, ఆయన వాడుతున్నది షుగరును బాగా దించే రకం మాత్రో, ఇన్సులినో అయితే, మందు పడ్డాక తినకుండా లేచిపోవడం వల్ల షుగరు ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంది. ఆయన మందు ఏ రకానిదో మీ డాక్టరు గారిని తప్పక అడగండి. ఇక ఒత్తిడి రోజుల తరబడి సాగితే నూనెలో వేగిన వాటి మీదకూ తీపి మీదకూ మనసు పోవడం చాలామందిలో కనిపిస్తుంది. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరిగి, ఇక చాలనిపించే లెప్టిన్ తగ్గుతుంది. సీజన్‌లో యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగే రోజుల్లో మూడింటికి గాని అన్నం తినడం కుదరని మనిషి, ఇంటికి వెళ్తే మళ్ళీ తగవే అనుకుంటూ బజ్జీల బండి దగ్గర ఆగడంలో నాకు ఆశ్చర్యం కనిపించడం లేదు. ఆ పది నిమిషాలు ఆయనను ఎవరూ ఏమీ అనరు కదా.

కౌన్సెలింగుకూ షుగరుకూ ఉన్న సంబంధం ఇదే. ఇంట్లోవారు నిందిస్తూ, నిఘా పెడుతూ గుర్తుచేసినప్పుడు మందులు, ఆహార నియమాలు పాటించడం సన్నగిల్లుతుందనీ, కుటుంబాన్ని కలుపుకొని నేర్పినప్పుడు షుగరు అదుపు కొంత మెరుగవుతుందనీ పలు అధ్యయనాలు చూపాయి. ‘కొంత’ అన్న మాటను గుర్తుంచుకోండి. కౌన్సెలింగ్ మందుకు బదులు కాదు.

అక్కడికి వెళ్ళాక ఏం జరుగుతుందంటే, మొదటి ఒకటి రెండు సిట్టింగులలో కౌన్సెలర్ అందరి మాటా వింటారు. కూరలు ఎవరు తెస్తారు, ఎవరు వండుతారు, ఎవరు వడ్డిస్తారు, కంచం దగ్గర ముందుగా నోరు విప్పేది ఎవరు, అప్పుడు లేచిపోయేది ఎవరు అని అడుగుతారు. చాలామంది మూడు తరాల వంశవృక్షం గీయించి, ఎవరికి షుగరు ఉండేది, ఎవరు చిన్న వయసులో పోయారు, ఎవరు పస్తులున్నారు అన్నవి అందులో గుర్తిస్తారు. ఆ కాగితం ముందు కూర్చున్నప్పుడు మీ అత్తగారు మీకు తెలియని మనిషిగా కనిపించవచ్చు. కొడుకు కంచంలో మారు అన్నం వేయడం ఆమెకు తెలిసిన ప్రేమ భాష. దాన్ని లాగేసుకుంటే ఆమె చేతిలో ఇంకేమీ మిగలదు. అదే చేతికి వేరే పని ఇవ్వవచ్చు. జొన్న సంకటి, ఉలవచారు, తోటకూర పప్పు, పొట్లకాయ పెరుగు పచ్చడి మనకంటే ఆమెకే బాగా తెలుసు. ‘మీ చేతి వంట నేర్పండి అత్తయ్యా’ అని మీరు అడిగిన రోజున మారు వడ్డన తగ్గడానికి దారి దొరుకుతుంది.

మీవారితో మాట్లాడే తీరు కూడా అక్కడ అభ్యాసం చేయిస్తారు. ‘మీరు ఎప్పుడూ ఇంతే, నా మాట వినరు’ అనే చోట ‘ఆ రిపోర్టు చూసినప్పటి నుంచి నాకు భయంగా ఉంది’ అనడం చిన్న మార్పుగానే కనిపిస్తుంది, కానీ మొదటి మాటకు జవాబుగా తగవు వస్తుంది, రెండోదానికి మనిషి దగ్గరికి వస్తాడు. ఆయనను కూడా ‘మీకు ఏది వదులుకోవడం కష్టం, ఏది తేలిక’ అని అడిగి, ఆయన నోటి నుంచి వచ్చిన దానితోనే మొదలుపెడతారు. బజ్జీలు పూర్తిగా మానేస్తానని ఎవరికో మాట ఇచ్చి దొంగచాటుగా తినడం కంటే, వారానికి ఒక్కసారి, మీరిద్దరూ కలిసి వెళ్ళి, రెండే తిని వస్తానని ఒప్పుకుని నిలబెట్టుకోవడం నా లెక్కలో గొప్ప.

రెండు వంటలు వద్దు, ఒకే వంట కావాలి. ఆ ఒక్కటీ ఇంట్లో అందరికీ పనికొచ్చేది కావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళు ఉండాలంటాయి. రోజుకు 2000 కిలోకాలరీల లెక్కలో నూనె, కొవ్వులు మనిషికి 27 గ్రాములు. మీరు నలుగురు. నెలకు సుమారు మూడున్నర లీటర్లకు మించి నూనె వాడకూడదన్నమాట, అందులోనూ నెయ్యి వేసుకుంటే ఆ మేరకు నూనె తగ్గాలి. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. నలుగురికి నెలకు 600 గ్రాములు, ఆవకాయలో ఉన్నదీ, బయటి టిఫిన్లలో తిన్నదీ ఆ లెక్కలోనివే. ఈ లెక్కను ఆయన ఒక్కరికి వినిపించకుండా, నెల సరుకుల చీటీ రాసేటప్పుడు నలుగురూ కూర్చుని వేసుకోండి.

ఇక మీ సంగతి. ఇంటి ఆరోగ్యం బాగుపడాలని అందరూ అంటారు, ఆ బాధ్యత మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకు లేచే మనిషి నెత్తిన పడుతుంది. దీన్ని నేను ఏ కౌన్సెలింగ్‌లోనూ దాటిపోనివ్వను. ఆదివారం రైతు బజారుకు మీవారు వెళ్ళాలి, కూరగాయలు తరగడం మీ అబ్బాయి నేర్చుకోవాలి. మీ తలనొప్పి, నిద్రలేమి గురించి అక్కడ మీ నోటితో మీరే చెప్పండి. కౌన్సెలింగ్‌కు ముందే ఈ రాత్రి నుంచి మొదలుపెట్టగలిగినది ఒకటుంది: కంచాల దగ్గర షుగరు, మార్కులు, బాకీలు అనే మూడు మాటలు ఎత్తకూడదని అందరూ ఒప్పుకోండి. వాటికి వేరే వేళ పెట్టుకోండి.

ప్రశ్న: విజయవాడ, పటమట. మా అమ్మాయికి 17 ఏళ్ళు. నగర శివార్లలోని రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం. అయిదు నెలల్లో 52 కిలోల నుంచి 43కు తగ్గింది. ఇంటికి వచ్చినప్పుడు అన్నం పక్కకు నెట్టేస్తుంది, కడుపునొప్పి అంటుంది, రాత్రిళ్ళు గది తలుపు వేసుకుని గంటసేపు వ్యాయామం చేస్తుంది. మూడు నెలలుగా బహిష్టు కాలేదట. నేను అరుస్తాను, వాళ్ళమ్మ ఏడుస్తుంది. పరీక్షల ఒత్తిడి వల్లనేనా? పరీక్షలు అయ్యాక కౌన్సెలింగ్‌కు తీసుకెళ్ళవచ్చా?

జవాబు: అయ్యా, పరీక్షల దాకా ఆగవద్దు. ఈ వారంలోనే ముందు వైద్యునికి చూపించండి. ఇంత వేగంగా బరువు తగ్గి, బహిష్టు ఆగి, తిండిని తప్పించుకుంటూ వ్యాయామం పెంచుతున్న ఆడపిల్ల విషయంలో అనొరెక్సియా అనే ఆహార సంబంధ మానసిక వ్యాధి ఉందేమో చూడాలి. థైరాయిడ్ వంటి ఇతర కారణాలను కూడా పరీక్షించాలి. నాడి వేగం, రక్తపోటు, రక్తంలో పొటాషియం, ఈసీజీ చూస్తారు. కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె దడ, తిన్నది వాంతి చేసుకోవడం, చనిపోవాలనిపిస్తోందని అనడం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఎక్కువ రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా బలవంతంగా తినిపించడం కూడా ప్రమాదమే. అందుకే తిండి పెంచడం వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.

దీని తరువాత కుటుంబ కౌన్సెలింగ్ మాటకు వద్దాం. ఈ వ్యాధి వచ్చిన కౌమార వయసు పిల్లలకు కుటుంబం ఆధారంగా చేసే చికిత్స ఒకటి 1980వ దశకంలో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది. ఇప్పుడు ముందుగా సూచించే చికిత్సలలో అది ఒకటి. అంతకు ముందు తరం నిపుణులలో కొందరు తల్లిదండ్రుల పెంపకమే ఈ జబ్బుకు మూలమని భావించేవారు. ఆ నమ్మకం నిలబడలేదు. ఇప్పటి చికిత్స మిమ్మల్ని దోషిగా చూడదు, బిడ్డను ఒడ్డుకు చేర్చే ప్రధానమైన చేయిగా చూస్తుంది. మొదటి దశలో ఏం తినాలో, ఎంత తినాలో తల్లిదండ్రులే నిర్ణయించి, ప్రతి పూటా పక్కన కూర్చుని, ఓపికగా తినిపిస్తారు. బరువు కోలుకుంటున్న కొద్దీ ఆ నిర్ణయాలను కొంచెం కొంచెంగా అమ్మాయికి తిరిగి అప్పగిస్తారు. చివరగా చదువు, స్నేహాలు, భయాలు వంటి ఆ వయసు సంగతులు మాట్లాడతారు. సాధారణంగా ఇది ఆరు నెలల నుంచి ఏడాది దాకా సాగుతుంది.

పై ఉత్తరం చదివిన మీకు ఒక సందేహం రావచ్చు. ఆ ఇంట్లో కాపలా తగ్గించమన్న నేను, మీ ఇంట్లో పక్కన కూర్చోమంటున్నాను. అక్కడ ఉన్నది తన తిండిని తానే ఎంచుకోగల నడివయసు మనిషి. ఇక్కడ ఆకలితో అలసిపోయిన మెదడుకు ఆ ఎంపిక శక్తి తాత్కాలికంగా తగ్గిపోయింది. కానీ కేకలు రెండు ఇళ్ళలోనూ పనికిరావు. ‘నువ్వు మొండిదానివి’ అనే బదులు ‘ఈ జబ్బు నిన్ను తిననివ్వడం లేదు, మేం నీ పక్కనే ఉంటాం’ అనండి. ఆమె ముందు ఎవరి బరువు గురించీ, రంగు గురించీ మాట్లాడవద్దు. కాలేజీ విషయంలో మీరు గట్టిగా నిలబడాలి. వైద్యులు అవసరమంటే హాస్టల్ నుంచి ఇంటికి తీసుకురండి. ఒక ఏడాది ప్రవేశ పరీక్ష ఆలస్యమైనా మళ్ళీ రాసుకోవచ్చు. ఈ మాట మీ నోటి నుంచి వినడం మీ అమ్మాయికి ఎంత అవసరమో మీరు ఊహించలేరు.

ప్రశ్న: కుటుంబం మొత్తం కౌన్సెలింగ్‌కు వెళ్తే బంధువులు ఏమనుకుంటారోనని మా ఇంట్లో జంకుతున్నారు. ఎవరి దగ్గరకు వెళ్ళాలో కూడా తెలియడం లేదు. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఇల్లంతా కలిసి వైద్యుని దగ్గర కూర్చోవడం మన దేశానికి కొత్త కాదు. 1950వ దశకంలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలలో ఉంచి, సంరక్షణలో భాగస్వాములను చేశారు. తరువాత ఎందరికో అది ఆదర్శమైంది. మీరు చెప్పుకున్న సంగతులను గోప్యంగా ఉంచడం కౌన్సెలర్ బాధ్యత, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉండడం, చట్టం కోరడం వంటి సందర్భాలలో తప్ప అవి బయటికి పోకూడదు.

‘కౌన్సెలర్’ అని బోర్డు పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఒకే రకమైన శిక్షణ ఉండదు. క్లినికల్ సైకాలజిస్టులైతే భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి, ఆ నంబరు అడగడానికి మొహమాటపడవద్దు. కుటుంబాలతో పనిచేసిన అనుభవం ఉందా, సిట్టింగుకు రుసుము ఎంత అన్నవి ఫోనులోనే తెలుసుకోండి. ఒక్కో సిట్టింగు గంట, గంటన్నర పడుతుంది. ఆహార నియమాలు మాత్రం అర్హత ఉన్న డైటీషియన్ చెప్పాలి. మొదటి సిట్టింగులోనే ఎవరిది తప్పో తీర్పు చెప్పేసేవారి దగ్గరా, డాక్టరు ఇచ్చిన మందులు మానేయమనేవారి దగ్గరా రెండోసారి అడుగు పెట్టకండి. ఎక్కడికీ వెళ్ళలేని పక్షంలో 14416 నంబరుకు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్, ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడవచ్చు. అందరూ రావడానికి ఒప్పుకోకపోతే ఒప్పుకున్న ఇద్దరే వెళ్ళండి. ఇద్దరి తీరు మారితే మూడోవారు అదివరకటిలా ఉండలేరు.

ప్రశ్న: అమ్మా, నాకు 68 ఏళ్ళు. విజయవాడ వన్‌టౌన్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. మాది అవనిగడ్డ దగ్గర పల్లె. 1977 ఉప్పెన నాటికి నేను కొత్త కోడలిని, చంకలో చంటిబిడ్డ. తిండి పొట్లాలు వస్తాయేమోనని ఎదురు చూసిన రోజులు మరిచిపోలేను. ఇప్పుడు నా మనవడికి పదేళ్ళు, 51 కిలోలు ఉన్నాడు. నేను పెట్టి పెట్టి పాడుచేస్తున్నానని కోడలు కౌన్సెలింగ్‌కు రమ్మంటోంది. పిల్లాడు అడిగితే పెట్టకుండా నావల్ల కాదు. నన్ను నిలబెట్టి దులపడానికేనా ఈ పిలుపు?

జవాబు: పెద్దమ్మగారూ, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదువుకున్నాను. ఆ రోజులను చూసిన చేతులు ఖాళీ కంచాన్ని చూసి ఊరుకోలేవు. ఈ సంగతి మీ కోడలికి మీరు ఎప్పుడైనా చెప్పారా? చెప్పి ఉండరనే నా అనుమానం. మిమ్మల్ని పిలిచింది దులపడానికి అయితే ఆ కౌన్సెలింగ్ కౌన్సెలింగే కాదు. అక్కడ ముందుగా మాట్లాడే అవకాశం మీరే అడిగి తీసుకోండి, ఉప్పెన సంగతితోనే మొదలుపెట్టండి.

పదేళ్ళ పిల్లవాడికి 51 కిలోలు ఎక్కువే. ఎత్తును కూడా కొలిచి పిల్లల వైద్యుడు నిర్ధారించాలి. ఈ వయసు పిల్లల విషయంలో అమెరికా పోషకాహార నిపుణురాలు, కుటుంబ చికిత్సకురాలు ఎలిన్ శాటర్ చెప్పిన పద్ధతి ఒకటి నాకు చాలా ఇష్టం. ఏం పెట్టాలి, ఏ వేళకు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టి పెట్టాలి అన్నవి పెద్దలు నిర్ణయించాలి. ఎంత తినాలన్నది పిల్లవాడికి వదిలేయాలి. పెద్దలంటే మీరూ, మీ కోడలూ, మీ అబ్బాయీ, ముగ్గురిదీ ఒకే మాట కావాలి. వాడు చాలన్నాక ‘తాత ముద్ద, మామయ్య ముద్ద’ అంటూ ఇంకో రెండు పెట్టకండి. తన కడుపు చెప్పే మాట వినడం వాడు నేర్చుకోవాలి. ‘నీకు బరువెక్కువ, నువ్వు తినకు’ అని మీ కోడలు కూడా వాడిని పది మందిలో అనకూడదు. బడి నుంచి వచ్చేసరికి చిప్స్ పొట్లం బదులు ఉడికించిన వేరుశనగకాయలో, జామకాయ ముక్కలో, ఒక సున్నుండో మీ చేత్తోనే పెట్టండి. ఆ వేళ మీది, అది ఎవరూ తీసుకోరు. సాయంత్రాలు మీరు నడకకు వెళ్ళేటట్లయితే వాడిని వెంట తీసుకెళ్ళి ఆ ఉప్పెన కథ చెప్పండి.

కౌన్సెలింగ్‌కు వెళ్ళే రోజున మీ వేళకు మీరు తిని, మందులు వేసుకుని వెళ్ళండి. మీ మందుల చీటీ, కళ్ళజోడు మరిచిపోకండి.